మట్టెవాడ సందుల్లో మారుతి 800

వరంగల్ మట్టెవాడలో ఇంటి ముందు ఆగి ఉన్న పాత కారు వయసు తెలుసుకోవడానికి బానెట్ ఎత్తనక్కరలేదు, నంబరు పలక చూస్తే చాలు. ఏపీ 36 అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లాలో రిజిస్టరైన బండి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చినవి టీఎస్ 03 అయ్యాయి. 2024 మార్చి నుంచి టీజీ 03 అవుతున్నాయి. ఏపీ 36 పలకతో ఇంకా తిరుగుతున్న కార్లలో నా కన్ను ఆగేది మారుతి 800 మీదే. వెడల్పు మీటరున్నర కూడా లేదు, 1.44 మీటర్లు. పొడవు 3.3 మీటర్లు. ఎదురుగా ఆటో వస్తున్నా, పక్కన తోపుడు బండి ఆగి ఉన్నా మా పాత సందుల్లోంచి ఎవరికీ అద్దం తగలకుండా బయటపడుతుంది.

మా ఇంట్లోనూ ఒకటి ఉంది, కార్బురేటర్ ఉన్న రకం. అమ్మేసి కొత్తది కొనుక్కోమని చుట్టాలు చెబుతూనే ఉంటారు. నేను ఉంచుకోవడానికి కారణం ఒకటే. ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటిలో ఎలా పనిచేస్తుందో నాకు మొదటి నుంచి చివరిదాకా అర్థమయ్యేది ఇదొక్కటే. ఫోను లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. వాషింగ్ మెషిన్ ఆగిపోతే అందులో బోర్డు మార్చాలంటారు, ఆ బోర్డులో ఏం పోయిందో మార్చినవాళ్ళూ చెప్పరు. ఈ కారు అలా కాదు. దీనికి వచ్చే ప్రతి జబ్బుకూ కంటికి కనిపించే, చేతికి తగిలే కారణం ఉంటుంది.

దీని పుట్టుక చిత్రమైనది. 1971లో సంజయ్ గాంధీ మొదలుపెట్టిన మారుతీ మోటర్స్ జనానికి కారు ఇవ్వకుండానే మూతపడింది. 1981 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మారుతీ ఉద్యోగ్ పేరుతో కొత్త సంస్థ పెట్టి, బీహెచ్ఈఎల్‌ను నడిపిన వి. కృష్ణమూర్తికి పగ్గాలు అప్పగించింది. 1982 అక్టోబరులో జపాన్ సుజుకీతో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ చేతికిచ్చారు. ధర 47,500 రూపాయలు. ఆయన దాన్ని తన జీవితాంతం ఉంచుకున్నారు. తర్వాత కంపెనీయే దాన్ని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టింది.

అప్పటిదాకా మన రోడ్లమీద రాజ్యం అంబాసిడర్‌దీ, ప్రీమియర్ పద్మినిదీ. ఒకటి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి, మరొకటి ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన 1950ల నమూనాలు. రెండింటిలోనూ ఇంజన్ ముందు భాగంలో కారు పొడవు దిశలో ఉంటుంది, దాని శక్తి కారు కిందుగా పొడవాటి షాఫ్టు గుండా వెనుక చక్రాలకు చేరుతుంది. మారుతిలో ఇంజన్ అడ్డంగా పడుకుంది. గేరుబాక్సు దాని పక్కనే చేరింది. శక్తి ముందు చక్రాలకే నేరుగా అందింది. షాఫ్టు లేదు కాబట్టి లోపల నేల చదునైంది, బరువు 650 కిలోల దగ్గర ఆగింది. ఇంజన్‌ను అడ్డంగా పెట్టే పద్ధతిని 1959లో ఇంగ్లండులో అలెక్ ఇస్సిగోనిస్ మినీ కారుతో ప్రపంచానికి చూపించారు. గేరుబాక్సును ఇంజన్ చివర అమర్చే మెరుగైన పద్ధతిని 1964లో ఇటలీలో డాంటే జకోసా తెచ్చారు. మన పద్మినికి మూలమైన ఫియట్ 1100ను రూపొందించిందీ ఆ జకోసాయే. అంటే పద్మినినీ, దాన్ని పక్కకు నెట్టిన మారుతి అమరికనూ గీసింది ఒకే చెయ్యి. ఈ సంగతి నాకు తెలిసిన రోజు ఆ రెండు కార్లనూ కొత్తగా చూశాను.

1986లో పాత పెట్టె ఆకారం పోయి, మనందరికీ గుర్తున్న రూపం వచ్చింది. ఇంజన్ మాత్రం అదే, ఎఫ్8బి. మూడు సిలిండర్లు, ఒక్కోటి 68.5 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ నడక 72 మిల్లీమీటర్లు. ఒక సిలిండర్ ఘనపరిమాణం లెక్కగట్టి మూడుతో గుణించి చూసుకోండి, 796 సీసీ వస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఒక ఆవర్తనం పూర్తిచేయడానికి క్రాంకు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. మూడు సిలిండర్లు ఆ చుట్లను పంచుకుంటే 240 డిగ్రీలకు ఒక పేలుడు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అది 180 డిగ్రీలకే జరుగుతుంది. ఐడ్లింగులో ఈ కారు సన్నగా వణకడానికీ, ఆ గొంతు సందు చివరి నుంచే గుర్తుపట్టగలగడానికీ ఈ లెక్కే కారణం. రబ్బరు మౌంటింగులు పాతబడితే వణుకు డ్యాష్‌బోర్డు దాకా పాకుతుంది.

మూడింటిలో ఒక సిలిండర్ పనిచేయకపోతే శక్తిలో మూడోవంతు పోయినట్టే. ఏది పోయిందో కనిపెట్టే పద్ధతిని పాత మెకానిక్కులు చేసి చూపిస్తారు. ఇంజన్ నడుస్తుండగా ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఒక్కో ప్లగ్గు వైరూ ఊడదీయడం. మంచి సిలిండర్ వైరు తీస్తే ఇంజన్ తడబడుతుంది. తీసినా శబ్దం మారలేదంటే రోగం అక్కడే. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కదాన్నే మార్చి ఫలితం చూడటం, ప్రయోగశాలలో నేర్పేది ఇదే కదా! ఆ వైరులో వేల వోల్టులుంటాయి కాబట్టి తెలియకుండా చెయ్యి పెట్టకూడదు.

ఇక ఈ కారుకు ప్రాణం లాంటిది కార్బురేటర్. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ళు గాలి కావాలి. ఆ పాళ్ళు కలిపి పెట్టేది ఇదే. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. గాలి వచ్చే గొట్టం మధ్యలో సన్నబడుతుంది. సన్నటిచోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గడంతో పక్కనే పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ గదిలోంచి పెట్రోలు సన్నటి జెట్టు గుండా పైకి లేచి తుంపరలై గాలిలో కలుస్తుంది. 1738లో బెర్నూలీ రాసిపెట్టిన సూత్రం, 1797లో వెంచురీ కొలిచి చూపిన సన్నటి గొట్టం, రెండూ కలిసి మా వాకిట్లో రోజూ పనిచేస్తున్నాయి. పెట్రోలును ఇలా తుంపరగా చిమ్మే కార్బురేటర్‌కు 1893లో పేటెంటు తీసుకున్నవాళ్ళలో హంగరీలోని బుడాపెస్టుకు చెందిన డోనాట్ బాంకి, యానోష్ చోంకా ఉన్నారు. 1987లో మారుతి మొదటి పెద్ద ఎగుమతి, 500 కార్లు, ఆ హంగరీకే వెళ్ళడం చరిత్రలో ఒక అందమైన మలుపు.

కార్బురేటర్ చేసే పని ఎంత గొప్పదో, దాని పరిమితి కూడా అంత స్పష్టం. అది గాలి వేగాన్ని మాత్రమే చూస్తుంది, లోపలికి వస్తున్న ఇంధనం ఏమిటో దానికి తెలియదు. ఈ మాట ఇప్పుడు చాలా ముఖ్యం. 2025 నాటికి మన బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ముందే ఆక్సిజన్ ఉంటుంది, మండడానికి దానికి తొమ్మిది పాళ్ళ గాలి చాలు. కాబట్టి ఈ మిశ్రమానికి కావలసింది దాదాపు 13.5 పాళ్ళే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కొత్త కారు ఆ తేడా పసిగట్టి సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ మునుపటి పాళ్ళలోనే కలుపుతూ పోతుంది. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం ఆలోచిస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకన్నా దాదాపు మూడోవంతు శక్తి తక్కువ కావడంతో మైలేజీ కూడా పడిపోతుంది. ఇలాంటి కార్లలో ఆ తగ్గుదల ఆరేడు శాతం ఉండవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది.

"పెట్రోలు సరిపోతలేదు సార్, గాలి ఎక్కువైంది" అన్నారు మా వీధి షెడ్డులోని పెద్దాయన, బండి శబ్దం విని.

"మరి జెట్టు మారుద్దామా భాయ్?"

"ముందు ప్లగ్గు చూద్దాం సార్. అదే చెప్తది."

నిజంగానే చెబుతుంది. ప్లగ్గు మూతి గోధుమరంగులో ఉంటే పాళ్ళు కుదిరినట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువ. నూనెతో తడిసి ఉంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అరిగి ఆయిల్ పైకి వస్తోందన్నమాట. అప్పుడు కార్బురేటర్‌తో పనిలేదు. మాది తెల్లగానే ఉంది. ఒక సైజు పెద్ద జెట్టు వేసి, ఐడ్లింగు స్క్రూ సరిచేశాక తడబాటు పోయింది.

వేసవిలో ఇంకో చిక్కు. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. ఈ కారులో పెట్రోలు పంపు ఇంజన్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది, ట్యాంకులోంచి ఇంధనాన్ని పీల్చుకుంటుంది. పీల్చేచోట ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ మరగడం మరీ సులువు. మే నెల మధ్యాహ్నం పోచమ్మ మైదాన్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే గొట్టంలో పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు, ఆవిరిని తోడలేదు. బండి ఆగిపోతుంది. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టడం వల్ల లాభం లేదు. నీడకు నెట్టి, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనల వల్ల వచ్చిన, కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న ఎంపీఎఫ్ఐ మోడల్‌కు ఈ బాధ లేదు. దాని పంపు ట్యాంకులోనే ఉండి ఇంధనాన్ని ఒత్తిడితో ముందుకు తోస్తుంది.

రేడియేటర్ మూతను చాలామంది తేలికగా తీసుకుంటారు. అది ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. లోపల ఒత్తిడి పెంచి, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆపుతుంది. మూత రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, నీళ్ళు మరిగిపోతాయి, అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. చిన్న మూత మార్చనందుకు ఇంజన్ పని ఖర్చు. ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. బోరు నీళ్ళు రేడియేటర్‌లో పోయకండి. వాటిలోని లవణాలు సన్నటి గొట్టాల్లో పొరలుగా పేరుకుంటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే వాడాలి.

తుప్పు విషయంలో మన ఊరిది అదృష్టమే. విశాఖలో, కాకినాడలో ఉప్పుగాలి తలుపుల అడుగుల్ని తినేస్తుంది. ఇక్కడి పొడిగాలిలో అదే రేకు ఎక్కువ కాలం ఉంటుంది. అయినా మ్యాట్ల కింద తడి నిలిస్తే నేల రేకు పోతుంది. తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుంటాయి, వానలకు ముందే పుల్లతో శుభ్రం చేసుకోవాలి. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో వరద చూశాం. వరదలో మునిగిన కారును నీళ్ళు తగ్గగానే స్టార్ట్ చేయకూడదు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్ళను నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గులు ఊడదీసి నీళ్ళు బయటికి పంపాలి, ఆయిల్ మార్చాలి.

ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంతకుముందే, 2004లో ఆల్టో అమ్మకాల్లో దీన్ని దాటేసింది. 2010లో బీఎస్ 4 కాలుష్య నిబంధనలు వచ్చిన పెద్ద నగరాల్లో అమ్మకం నిలిచిపోయింది. మొత్తం 28 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇదే ఇంజన్‌ను ఓమ్ని వ్యాను 2019 దాకా మోసుకొచ్చింది. అందుకే ప్లగ్గులు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు, పన్నెండు అంగుళాల టైర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అపురూపమైన కార్లు సేకరించేవాళ్ళకు లేని సుఖం ఇది. అరుదైన కారుకు ఒక నట్టు కావాలంటే విదేశాలకు రాయాలి, దీనికైతే వీధి చివరికి నడిస్తే చాలు.

ఈ కారు సుఖం రోడ్డు మీద ఇంకా బాగా తెలుస్తుంది. ఆదివారం పొద్దున్నే భద్రకాళి చెరువు పక్కనుంచి బయలుదేరి రామప్ప గుడి దాకా వెళ్ళిరావడానికి నలభైలోపు గుర్రాల శక్తి ఎక్కువే. పవర్ స్టీరింగ్ లేదు. రోడ్డు గరుకుదనం, ముందు టైరులో గాలి తగ్గడం, గుంత అంచు, అన్నీ అరచేతికే తెలుస్తాయి. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజన్ గొంతే చెబుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఢిల్లీలో పెట్టిన పదిహేనేళ్ళ నిషేధం లాంటిది తెలంగాణలో లేదు. పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. పాత బండి పొగను అదుపు చేయాలన్నది న్యాయమైన కోరికే. అయితే వయసు చూసి కాకుండా పొగ గొట్టం దగ్గర కొలిచి రుసుము వేస్తే, బండిని బాగా చూసుకునేవాళ్ళకు న్యాయం జరుగుతుంది. 2021 నిబంధనల ప్రకారం యాభయ్యేళ్ళు నిండిన వాహనాలే వింటేజ్ కింద లెక్క. ఆ లెక్కన మొట్టమొదటి మారుతి 800కు ఆ హోదా దక్కేది 2033 డిసెంబరులో.

మీ ఇంట్లోనూ ఇలాంటి కార్బురేటర్ బండి ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. ట్యాంకు నుంచి పంపుకూ, పంపు నుంచి కార్బురేటర్‌కూ వెళ్ళే రబ్బరు పైపులు వేలితో వంచి చూడండి. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పగులగొడుతుంది, ఆ పైపుల దగ్గర్లోనే సైలెన్సర్ మానిఫోల్డ్ కాలుతూ ఉంటుంది. పగుళ్ళు కనిపించినా, తడి తగిలినా, పెట్రోలు వాసన వచ్చినా బండి తీయకండి. ఇథనాల్ తట్టుకునే కొత్త పైపులు, కొత్త క్లిప్పులు వేయించండి. ముందు సీటు కింద చిన్న అగ్నిమాపక సిలిండర్ ఒకటి పెట్టుకోండి.