సబ్‌వూఫర్ కొనేముందు గది సంగతి చూడండి

ఇంట్లో పాటలు మిక్స్ చేసుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కే ఇది. మానిటర్ల మీద కిక్, బేస్ చక్కగా కుదిరాయనిపిస్తుంది. అదే పాట కారులో పెడితే డోర్లు అదిరిపోతాయి. ఇందులో చెవి తప్పేమీ లేదు. అయిదంగుళాల మానిటర్లు చాలావరకు 50 హెర్ట్జ్ దగ్గరే నీరసించిపోతాయి. నాలుగు తీగల బేస్ గిటార్ అడుగు స్వరం 41 హెర్ట్జ్, అయిదు తీగలదైతే 31. వినపడని దాన్ని వినపడేదాకా పెంచుకుంటూ పోతాం. పెద్ద స్పీకర్ల మీద ఆ పెంచిందంతా బయటపడుతుంది.

అందుకే సబ్‌వూఫర్. అయితే స్టూడియోలో దాని పని బేస్ దంచడం కాదు, పాటలో ఉన్నది ఉన్నట్టు వినిపించడం. దీనికి ముందుగా అడ్డుపడేది గదే.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా పట్టే 47 హెర్ట్జ్ ధ్వని గోడల దగ్గర ఉబ్బుతుంది, నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. మన ఫ్లాట్లలో కనిపించే 10×10 గది ఇంకా మొండిది. రెండు జతల గోడలూ ఒకే 56 హెర్ట్జ్ దగ్గర తంటా పెడతాయి. ధ్వని మాయమైన చోట ఈక్వలైజర్‌తో పెంచడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కాబట్టి సబ్ ఎక్కడ పెట్టాలో చెవితోనే వెతకాలి. ముందు దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ స్వరాలు ఒక్కొక్కటిగా పైకి వెళ్లే ట్రాక్ ఒకటి నడపండి. మీరు నేలకు వంగి, మానిటర్లున్న వైపు గోడ వెంబడి మెల్లగా కదలండి. ఒకచోట ఒక స్వరం గుయ్యిమంటుంది, ఇంకోచోట అదే స్వరం ఉండదు. అన్నీ సమంగా వినిపించిన చోటే సబ్‌కు స్థానం.

తర్వాత క్రాసోవర్‌ను, అంటే సబ్, మానిటర్లు పని పంచుకునే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకు దిగువన శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పెద్దగా పసిగట్టలేదు. మానిటర్లను సబ్ ద్వారానే కలపండి, అప్పుడు వాటిమీద అడుగు స్వరాల భారం తగ్గుతుంది. 80 హెర్ట్జ్ టోన్ వేసి ఫేజ్ స్విచ్ 0కీ 180కీ మార్చి చూడండి. ఏది గట్టిగా వినిపిస్తే అది ఉంచండి. చివరగా వాల్యూమ్. బాగా తెలిసిన పాటలు వింటూ, సబ్ ఉన్నట్టే తెలియనంతవరకు తగ్గించండి. ఆపేస్తేనే వెలితి తెలియాలి. కొలత మైకు ఉంటే, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోవచ్చు.

డబ్బు ఒక్కదానికే ఉంటే మూలల్లో మందపాటి రాక్‌వూల్ బేస్ ట్రాప్‌లు ముందు పెట్టించండి, సబ్ తర్వాత. వాటికి చోటు లేని గదైతే, లేదా గోడకు అవతల నిద్రపోయే పొరుగువాళ్లుంటే, మంచి హెడ్‌ఫోన్లతో బేస్ సరిచూసుకోవడమే మేలు.