ఎం.ఎస్.సుబ్బులక్ష్మి విగ్రహం, తిరుపతి

ఎం.ఎస్.సుబ్బులక్ష్మి విగ్రహం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని తిరుపతి నగరంలో పూర్ణకుంభం కూడలి వద్ద ఉన్న కంచు విగ్రహం. ప్రఖ్యాత కర్ణాటక సంగీత గాయని, భారతరత్న పురస్కార గ్రహీత అయిన మదురై షణ్ముఖవడివు సుబ్బులక్ష్మి (1916 సెప్టెంబరు 16 - 2004 డిసెంబరు 11) స్మృత్యర్థం తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) దీనిని నెలకొల్పింది. 2006లో అప్పటి ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి దీనిని ఆవిష్కరించాడు.

సుబ్బులక్ష్మి జన్మస్థలం మదురై. జీవితంలో అధిక భాగం గడిపినది చెన్నైలో. ఆమె మాతృభాష తమిళం. అటువంటి గాయనికి తెలుగువారి పుణ్యక్షేత్రంలో విగ్రహం ఎందుకు వెలసినదో తెలుసుకోవాలంటే ఆమె గానానికి, తిరుమల ఆలయానికి, తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలకు ఉన్న సంబంధాన్ని పరిశీలించాలి.

పేరు, నేపథ్యం

ఎం.ఎస్. అనే పొడి అక్షరాలలో మొదటిది పుట్టిన ఊరు మదురైని, రెండవది తల్లి పేరైన షణ్ముఖవడివును సూచిస్తాయి. తమిళనాట సాధారణంగా తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని పేరుకు ముందు వాడుతారు. సుబ్బులక్ష్మి దేవదాసీ సంప్రదాయానికి చెందిన కుటుంబంలో జన్మించింది. ఆ కుటుంబాలలో పిల్లలకు తల్లి పేరే ఇంటి గుర్తు. షణ్ముఖవడివు వీణా విద్వాంసురాలు, అమ్మమ్మ అక్కమ్మాళ్ వయొలిన్ వాయించేది. ఆలయాలలోను, సభలలోను సంగీత నాట్యాలను తరతరాలుగా కాపాడినప్పటికీ, ఇరవయ్యవ శతాబ్దం ఆరంభం నాటికి ఈ వర్గం స్త్రీలు సమాజంలో చిన్నచూపుకు గురి అవుతుండేవారు. సుబ్బులక్ష్మి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ విషయం ముఖ్యమైనది. ఒకప్పుడు ఏ కుటుంబాల పాటను విని, పాడినవారిని దూరంగా ఉంచారో, ఆ కుటుంబాలలో పుట్టిన ఒక స్త్రీ గొంతు తరువాతి కాలంలో కోట్లాది ఇళ్ళ పూజామందిరాలలోకి ప్రవేశించింది.

సుబ్బులక్ష్మి పదేళ్ళ ప్రాయంలోనే గ్రామఫోను రికార్డుకు పాడింది. కర్ణాటక సంగీతంలో శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ వద్ద, హిందుస్తానీ సంగీతంలో పండిత నారాయణరావు వ్యాస్ వద్ద శిక్షణ పొందింది. 1938లో 'సేవాసదనం' చిత్రంతో సినిమా రంగంలో ప్రవేశించింది. 1940లో స్వాతంత్ర్య సమరయోధుడు, పాత్రికేయుడు అయిన త్యాగరాజన్ సదాశివంతో ఆమె వివాహం జరిగింది. 1945లో తమిళంలో, 1947లో హిందీలో వెలువడిన 'మీరా' చిత్రం ఆమెకు దేశవ్యాప్త కీర్తిని తెచ్చింది. హిందీ చిత్రం ఆరంభంలో సరోజినీ నాయుడు ఆమెను ప్రేక్షకులకు పరిచయం చేసింది. ఆ తరువాత సుబ్బులక్ష్మి సినిమాలను విడిచి పూర్తిగా కచేరీలకే అంకితమయింది.

వేంకటేశ్వర సుప్రభాతం

తిరుమల ఆలయంలో ప్రతిదినం తెల్లవారుజామున స్వామిని మేల్కొలిపే సేవకు సుప్రభాత సేవ అని పేరు. ఈ స్తోత్రాన్ని మణవాళ మహాముని శిష్యుడైన ప్రతివాది భయంకరం అణ్ణన్ 15వ శతాబ్దంలో సంస్కృతంలో రచించాడు. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అని ఇందులో నాలుగు భాగాలున్నాయి. మొదటి శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోనిది. విశ్వామిత్రుడు రాముని నిద్ర లేపే సందర్భంలో వస్తుంది. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులు ఆండాళ్ రచించిన తిరుప్పావై పాశురాలను పఠించడం ఆలయ సంప్రదాయం.

1963లో హెచ్.ఎం.వి. సంస్థ సుబ్బులక్ష్మి గానం చేసిన సుప్రభాతాన్ని రికార్డుగా విడుదల చేసింది. ఆమెతో గొంతు కలిపినది సదాశివం కుమార్తె రాధా విశ్వనాథన్. అంతవరకు ఆలయంలో ఆ వేళకు చేరగలిగినవారికి మాత్రమే లభించిన అనుభవం ఈ రికార్డుతో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రేడియో, గ్రామఫోను, క్యాసెట్టు, సీడీ, సెల్‌ఫోను వంటి పరికరాలు ఒకదాని వెంట ఒకటి మారినా తెలుగువారి ఇళ్ళలోను, వీధి చివరి గుడి మైకులలోను ఉదయం వినిపించే గొంతు మాత్రం మారలేదు. సంస్కృతం రాని వారు సైతం ఈ శ్లోకాలను తప్పులు లేకుండా చెప్పగలుగుతున్నారంటే, వారిలో చాలామందికి గురువు ఈ రికార్డే.

ఉచ్చారణ

ఆమె ఉచ్చారణను ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. తెలుగు లిపిలో క, ఖ, గ, ఘ అని నాలుగు అక్షరాలుండగా తమిళ లిపిలో వాటన్నిటికీ ఒకే అక్షరం ఉంటుంది. త, థ, ద, ధలకు, ప, ఫ, బ, భలకు కూడా అంతే. అందువలన తమిళం మాతృభాషగా గలవారు సంస్కృతాన్ని గాని, తెలుగును గాని పాడేటప్పుడు ఒత్తులు జారడం, సరళాలు పరుషాలు కావడం సహజం. సుబ్బులక్ష్మి సంస్కృత, తెలుగు పండితుల వద్ద పాఠాన్ని సరిచూసుకొని, పదాల అర్థం తెలుసుకొని, ఆ తరువాతనే పాడేది. త్యాగరాజ కృతులలో అత్యధిక భాగం తెలుగులో ఉన్నందున కర్ణాటక గాయకులందరికీ తెలుగుతో పరిచయం తప్పదు. అయితే పరిచయానికి, పట్టుకు మధ్య ఉన్న దూరాన్ని సాధనతో దాటినవారిలో ఆమె ఒకరు.

అన్నమయ్య సంకీర్తనలు

తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408-1503) ముప్ఫై రెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. అతని కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలంలో వీటిని రాగిరేకులపై చెక్కించారు. తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారం అనే చిన్న అరలో ఆ రేకులు శతాబ్దాల పాటు మరుగున పడి ఉన్నాయి. 1922 ప్రాంతంలో అవి వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషితో అవి పుస్తకరూపంలో వెలువడ్డాయి. వేల సంకీర్తనలు దొరికినప్పటికీ అందులో ఒక పెద్ద లోటు ఉంది. రేకులపై సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి కాని స్వరాలు లేవు. అంటే అన్నమయ్య పాటలు పుస్తకంలో ఉన్నాయే గాని, వాటిని ఎలా పాడాలో చెప్పగలవారు మిగలలేదు. వాటికి మళ్ళీ బాణీలు కట్టవలసి వచ్చింది. అనంతకృష్ణశర్మ ఈ పనికి ఆద్యుడు. ఆ తరువాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ తదితరులు అనేక సంకీర్తనలను స్వరపరచారు.

బాలాజీ పంచరత్నమాల

1970 దశకం చివరిలో సదాశివం, సుబ్బులక్ష్మి దంపతులు ఆర్థికంగా ఇబ్బందులలో ఉన్నారు. తమ కచేరీల ద్వారాను, రికార్డుల రాయల్టీల ద్వారాను విరాళాలుగా ఎంతో ధనం సమకూర్చిన ఆ దంపతులు తమకంటూ పెద్దగా మిగుల్చుకోలేదు. ఈ సంగతి కంచి కామకోటి పీఠాధిపతి చంద్రశేఖరేంద్ర సరస్వతి దృష్టిలో ఉన్నది. అప్పటి తిరుమల తిరుపతి దేవస్థానాల కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె.ప్రసాద్ ఈ ఉదంతాన్ని తరువాతి కాలంలో తన జ్ఞాపకాలలో వివరించాడు. దానంగా ఇస్తే ఆ దంపతులు స్వీకరించరు. అందువలన ఆమె విద్యకు తగిన పనిని అప్పగించి, ఆ పనికి ప్రతిఫలంగా గౌరవంగా ఆదుకోవాలని దేవస్థానం నిర్ణయించింది. అలా రూపొందినదే ఐదు లాంగ్‌ప్లే రికార్డుల 'బాలాజీ పంచరత్నమాల'.

ఇందులో అన్నమాచార్య సంకీర్తనలతో పాటు పలు స్తోత్రాలు కూడా ఉన్నాయి. నేదునూరి కృష్ణమూర్తి, కడయనల్లూర్ వెంకటరామన్ సంకీర్తనలకు బాణీలు సమకూర్చారు. రేవతి రాగంలో నేదునూరి స్వరపరచిన 'నానాటి బ్రతుకు' వీటిలో ఒకటి. అప్పటికి సుబ్బులక్ష్మి వయస్సు అరవై దాటింది. ఐక్యరాజ్యసమితిలో కచేరీ చేసి, మెగసెసే పురస్కారం పొంది, ఇక నేర్చుకోవలసినది లేదని ఎవరైనా అనుకోదగిన దశ అది. ఆ దశలో ఆమె కొత్త విద్యార్థిని వలె కూర్చుని, తన మాతృభాష కాని భాషలో, అంతవరకు తనకు అలవాటు లేని పాటలను ఒక్కొక్కటిగా కంఠస్థం చేసింది.

ఈ రికార్డుల ప్రభావం రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది, ఆ దంపతుల వార్ధక్యానికి గౌరవప్రదమైన ఆసరా లభించింది. రెండవది, తెలుగు రాష్ట్రానికి వెలుపల, ముఖ్యంగా తమిళనాడు కచేరీ వేదికలపై అన్నమయ్య సంకీర్తనలకు గొప్ప ప్రచారం కలిగింది. అన్నమయ్యను ప్రజలలోకి తెచ్చినవారు సుబ్బులక్ష్మి ఒక్కరే కాదు. తెలుగు గాయనీ గాయకులు ఎందరో ఆ పని చేశారు. కాని ఆమె పాడిన పాట దేశమంతటా వినబడేది గనుక అన్నమయ్య కూడా అంత దూరం చేరాడు. ఆమె దేవస్థానం ఆస్థాన విద్వాంసురాలుగా కూడా గౌరవం పొందింది.

విగ్రహ స్థాపన

1997లో సదాశివం మరణించిన తరువాత సుబ్బులక్ష్మి బహిరంగ కచేరీలు మానివేసింది. 2004 డిసెంబరు 11న చెన్నైలో మరణించింది. 2005లో భారత తపాలా శాఖ ఆమె చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2006లో తిరుపతిలో కంచు విగ్రహం వెలసింది.

తెలుగునాట పట్టణాల కూడళ్ళలో ఎక్కువగా కనిపించేవి రాజకీయ నాయకుల విగ్రహాలు. వాటి మధ్య ఒక గాయని విగ్రహం, అందునా పొరుగు భాషకు చెందిన స్త్రీ విగ్రహం, ప్రభుత్వ సంస్థ చేతుల మీదుగా వెలయడం అరుదైన విషయం. పూర్ణకుంభం అతిథికి స్వాగతం పలికే సంకేతం. ఆ పేరు గల కూడలిలో ఆమె విగ్రహం ఉండటం సముచితంగా ఉన్నది.

సందర్శకులకు

విగ్రహం తిరుపతి నగరంలో ఉన్నది, తిరుమల కొండపైన కాదు. రైల్వే స్టేషను నుండి గాని, ఆర్.టి.సి. బస్ స్టాండు నుండి గాని ఆటోలో వెళ్ళేవారు "పూర్ణకుంభం సర్కిల్" అని అడగాలి. ఇది బహిరంగ ప్రదేశం కనుక ప్రవేశ రుసుము గాని, సందర్శన వేళలు గాని లేవు. వాహనాల రద్దీ ఉండే కూడలి అయినందున పిల్లలతో, వృద్ధులతో వచ్చేవారు రోడ్డు దాటడంలో జాగ్రత్త వహించాలి. నిలబడి తీరికగా చూడదలచినవారికి రద్దీ తక్కువగా ఉండే ఉదయం వేళ అనుకూలం.

కొండకు వెళ్ళే యాత్రికులలో చాలామంది దర్శనం తొందరలో విగ్రహాన్ని గమనించకుండానే సాగిపోతారు. వారిలో అనేకులు ఆనాటి ఉదయం ఆమె గొంతును విని ఉంటారు. పాఠశాల విహారయాత్రలకు వచ్చే విద్యార్థులకు ఇక్కడ కొద్ది నిమిషాలు ఆగి, సుప్రభాతం పాడినది ఈమె అని చూపితే, ప్రతిదినం వినే గొంతుకు ఒక ముఖం ఏర్పడుతుంది. రెండు వైపులా మెరిసే ముక్కుపుడకలు, పట్టుచీర, కొప్పులో మల్లెపూలు ఆమెను చూసినవారికి గుర్తుండిపోయిన రూపం. ఆమె ఇష్టపడి కట్టిన నీలి రంగుకు పట్టుచీరల వ్యాపారంలో నేటికీ 'ఎం.ఎస్. బ్లూ' అనే పేరు ఉన్నది.

సంగీతంపై ఆసక్తి గలవారు తిరుపతిలో 1959లో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను కూడా చూడవచ్చును. అన్నమాచార్య సంకీర్తనల ప్రచారం కోసం దేవస్థానం నెలకొల్పిన అన్నమాచార్య ప్రాజెక్టు కూడా ఈ నగరంలోనే ఉన్నది.

పొందిన ముఖ్య పురస్కారాలు

* 1954 - పద్మభూషణ్
* 1956 - సంగీత నాటక అకాడమీ పురస్కారం
* 1968 - మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి (ఈ గౌరవం పొందిన మొదటి మహిళ)
* 1974 - రామన్ మెగసెసే పురస్కారం
* 1975 - పద్మవిభూషణ్
* 1998 - భారతరత్న (ఈ పురస్కారం పొందిన మొదటి సంగీత కళాకారిణి)

విశేషాలు

* 1966 అక్టోబరు 23న న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి సభలో సుబ్బులక్ష్మి కచేరీ చేసింది. ఆమె శతజయంతి సంవత్సరమైన 2016లో ఐక్యరాజ్యసమితి ఆమె స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.
* తల్లి పేరును సూచించే 'ఎస్' అనే అక్షరాన్ని ఆమె జీవితాంతం తన పేరుకు ముందు నిలుపుకున్నది. అభిమానులు ఆమెను ఆ రెండు అక్షరాలతోనే 'ఎం.ఎస్.' అని పిలుస్తారు.