నీటి మొక్కల అక్వేరియంలో ఒటోసింక్లస్ చేపల ఆరోగ్య పరిరక్షణ: ఉప్పల్, నాచారం ప్రాంతాలకు అనువైన యాజమాన్య పద్ధతులు

ఇంటి అక్వేరియంలో నీటి మొక్కలు పెంచేవారికి నాచు ప్రధాన సమస్య. ఆకులపై, అద్దాలపై పేరుకొనే పొరను తొలగించడానికి ‘సక్కర్ చేప’ను కొని వదలడం పరిపాటి. అయితే ఈ ఒక్క పేరుతో రెండు వేర్వేరు రకాల చేపలు అమ్ముడవుతుంటాయి. ఒకటి సుమారు నాలుగు సెంటీమీటర్ల వరకు మాత్రమే పెరిగే ఒటోసింక్లస్. రెండవది నలభై సెంటీమీటర్లకు పైగా పెరగగల టెరిగోప్లిక్తిస్. మొదటిది తగిన ఆహారం, నీరు లభించక కొద్ది వారాల్లోనే మరణిస్తుంది. రెండవది తొట్టెలో పట్టనంతగా పెరిగి, చివరకు సమీపంలోని చెరువుకు చేరుతుంది. ఈ రెండు నష్టాలనూ నివారించాలంటే సరైన చేపను ఎంపిక చేయడం, స్థానిక నీటి గుణాన్ని ఎరిగి సవరించడం, నాచు లేని రోజుల్లోనూ ఆహారం అందించడం అవసరం.

చేప స్వభావం

వాలుగ, జెల్ల, మార్పు వంటి మీసాల చేపలు తెలుగు ప్రాంతాల్లో సుపరిచితమైనవే. ఒటోసింక్లస్ కూడా ఈ క్రమానికే చెందినా, దాని స్వస్థలం దక్షిణ అమెరికా. శరీరంపై పొలుసులకు బదులు ఎముక పలకలు ఉండే లోరికారిడే కుటుంబంలో ఇది ఒకటి. నదుల అంచుల్లో, మొక్కల నడుమ గుంపులుగా తిరుగుతూ ఆకులపై పెరిగే మెత్తని నాచును, డయాటమ్‌లను, సూక్ష్మజీవుల పొరను గీరి తింటుంది. విపణిలో లభించే వాటిలో అధిక భాగం నదుల నుంచి పట్టి తెచ్చినవే. పట్టిన నాటి నుంచి దుకాణం చేరే వరకు జరిగే సుదీర్ఘ ప్రయాణంలో వీటికి ఆహారం దాదాపుగా అందదు. నిరంతరం మేసే స్వభావం గల ఈ చేప అప్పటికే బలహీనపడి ఉంటుంది. కొన్న తరువాతి మొదటి నెలలో మరణాలు ఎక్కువగా ఉండడానికి ఇది ముఖ్య కారణం.

కొనుగోలు సమయంలో గుర్తింపు

ఒటోసింక్లస్ శరీరం సన్నగా ఉండి, సాధారణంగా ముక్కు నుంచి తోక మొదలు వరకు ముదురు రంగు చార కనిపిస్తుంది. టెరిగోప్లిక్తిస్ పిల్ల తల వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఒంటిపై చిరుత మచ్చలు లేదా వంకర గీతలు ఉండి, వీపు రెక్క తెరచాపలా పెద్దదిగా విచ్చుకుంటుంది. తోకకు ముందు మరొక చిన్న కొవ్వు రెక్క ఉంటుంది. ఒటోసింక్లస్‌లో ఇది ఉండదు. ఐదారు సెంటీమీటర్ల పిల్లగా ఉన్నప్పుడే ఈ భేదాన్ని గమనించాలి.

ఒటోసింక్లస్‌ను ఎంచుకొనేటప్పుడు అద్దానికి అతుక్కొని ఉన్న చేపను కింది వైపు నుంచి పరిశీలించాలి. పొట్ట గుండ్రంగా ఉన్నది ఆరోగ్యవంతమైనది. పొట్ట లోపలికి పీక్కుపోయిన చేప తిరిగి కోలుకోవడం కష్టం. దుకాణానికి వచ్చిన రోజే కొనక, వారం పది రోజులు ఆగి, అప్పటికి మేస్తున్న వాటిని తీసుకోవడం మేలు. ఇవి గుంపు చేపలు కాబట్టి ఆరింటికి తగ్గకుండా పెంచాలి. అరవై లీటర్ల తొట్టె ఇందుకు సరిపోతుంది.

నీటి గుణం, సవరణ

ఉప్పల్, నాచారం ప్రాంతాలు గ్రానైట్ శిలలపై విస్తరించి ఉన్నాయి. శిలల పగుళ్లలో నిలిచిన నీరే బోర్ల ద్వారా లభిస్తుంది. ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాల వలన కఠినత్వం ఎక్కువగా ఉండడం నగరంలో సర్వసాధారణం. జనావాసాల మధ్య బోర్లలో నైట్రేట్ కూడా ఎక్కువగా ఉండవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణాల ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, ప్రత్యామ్నాయం లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతి ఉంది. నైట్రేట్‌కు పరిమితి 45 మి.గ్రా. ఇవి మనుషుల కొరకు నిర్దేశించినవి. ఒటోసింక్లస్‌కు కఠినత్వం 200 మి.గ్రా. లోపు, నైట్రేట్ 20 మి.గ్రా. లోపు, పి.హెచ్. 6.5 నుంచి 7.5 మధ్య ఉంచడం శ్రేయస్కరం.

బోరు నీటిని ఆర్.ఓ. నీటితో కలపడం సులభమైన మార్గం. ఉదాహరణకు 480 మి.గ్రా. కఠినత్వం గల బోరు నీరు ఒక పాలు, ఆర్.ఓ. నీరు రెండు పాళ్లు కలిపితే కఠినత్వం దాదాపు 160 మి.గ్రా.కు తగ్గుతుంది. నైట్రేట్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కేవలం ఆర్.ఓ. నీటినే వాడరాదు. లవణాలు లేని నీటిలో పి.హెచ్. నిలకడగా ఉండదు. ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలే వృథా నీటిలో లవణాలు మరింత గాఢంగా ఉంటాయి కనుక అది పనికిరాదు. ఉప్పుతో పనిచేసే సాఫ్టెనర్ నీటిలో కాల్షియం స్థానంలో సోడియం చేరుతుంది కాబట్టి దానినీ వాడరాదు. టి.డి.ఎస్. మీటరు మొత్తం లవణాలను సూచిస్తుందే తప్ప కఠినత్వాన్ని విడిగా చూపదు. అందువల్ల కఠినత్వానికి, నైట్రేట్‌కు వేరుగా పరీక్ష జరపాలి.

జలమండలి సరఫరా చేసే నదీజలం సాధారణంగా బోరు నీటికంటే మృదువైనది. అయితే అందులో క్రిములను నిర్మూలించేందుకు కలిపిన క్లోరిన్ మిగిలి ఉంటుంది. మనుషులకు హాని చేయని ఈ కొద్ది మోతాదు చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. వ్యర్థాలను విచ్ఛిన్నం చేసే మేలైన బాక్టీరియాను చంపుతుంది. నీటిని వెడల్పాటి పాత్రలో పోసి, గాలి పంపుతో ఒక రోజు కదిలిస్తే స్వేచ్ఛా క్లోరిన్ చాలావరకు పోతుంది. వెంటనే వాడవలసి వస్తే సోడియం థయోసల్ఫేట్ కలపాలి. ఒక మి.గ్రా. క్లోరిన్‌కు సుమారు ఏడు మి.గ్రా. స్ఫటికాలు అవసరమవుతాయి.

తొట్టెను సిద్ధం చేయడం

చేపల విసర్జనలు, కుళ్లిన ఆకుల నుంచి అమ్మోనియా వెలువడుతుంది. ఫిల్టరులో పెరిగే బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియాలో విషపూరితమైన భాగం పి.హెచ్.పై ఆధారపడి ఉంటుంది. పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే ఆ భాగం దాదాపు పది రెట్లవుతుంది. క్షారగుణం గల బోరు నీటిని వాడే ఇళ్లలో కొత్త తొట్టెలు ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

ఒటోసింక్లస్ విషయంలో మరికొంత నిరీక్షణ అవసరం. తొట్టె అమర్చిన రెండు మూడు నెలలకు గాని ఆకులపై, కొయ్యపై, రాళ్లపై అది మేయగల సూక్ష్మజీవుల పొర ఏర్పడదు. కనుక ఈ చేపను చివరగా ప్రవేశపెట్టాలి. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్ వంటి వెడల్పాటి ఆకుల మొక్కలు మేతకు, విశ్రాంతికి అనుకూలం. వెలుతురు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. ముందు అద్దాన్ని శుభ్రపరిచినా, వెనుక, పక్క అద్దాలపై పొరను అలాగే ఉంచాలి. కొత్త చేపలను తెచ్చినప్పుడు తొట్టె నీటిని సన్నని గొట్టం ద్వారా చుక్కలు చుక్కలుగా గంటసేపు సంచి నీటిలో కలిపి, ఆ తరువాతే వదలాలి.

ఆహార యాజమాన్యం

ఒటోసింక్లస్ మెత్తని పచ్చ నాచును, గోధుమ రంగు డయాటమ్ పొరను తింటుంది. దారపు నాచును, నల్లని కుచ్చు నాచును తొలగించలేదు. ఆరు చేపలు చిన్న తొట్టెలోని మెత్తని నాచును కొద్ది రోజుల్లోనే పూర్తి చేస్తాయి. ఆపై తొట్టె చూడడానికి నిర్మలంగా ఉన్నా, చేపల దృష్ట్యా అది మేత లేని బీడు. కాబట్టి అనుబంధ ఆహారం తప్పనిసరి.

బీరకాయ, సొరకాయ, కీర దోస ముక్కలను బాగా కడిగి, చెక్కు తీసి, రెండు మూడు నిమిషాలు వేడినీటిలో ఉంచి, చల్లార్చి, చిన్న రాయి కట్టి అడుగుకు దించాలి. పురుగుమందుల అవశేషాలు చేపలకు ప్రాణాంతకం కనుక కడగడంలో అశ్రద్ధ కూడదు. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు వేసి, మరునాటి ఉదయం మిగిలిన ముక్కను తీసివేయాలి. మొదట్లో చేపలు కూరగాయను ఆహారంగా గుర్తించకపోవచ్చు. కొన్ని రోజులు వరుసగా అందిస్తే అలవాటు పడతాయి. నున్నని గులకరాళ్లను నీటి పాత్రలో వేసి ఎండలో ఉంచితే వారం పది రోజుల్లో నాచు పడుతుంది. వాటిని వంతులవారీగా తొట్టెలో మార్చడం ఖర్చులేని మార్గం. వారానికి ఒకసారి పొట్టలను పరిశీలించడం ఆరోగ్యానికి మంచి కొలమానం.

వేసవి జాగ్రత్తలు

ఈ చేపకు 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. హైదరాబాద్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో తొట్టె నీరు 30 డిగ్రీలకు మించవచ్చు. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. చేపల అవసరం మాత్రం పెరుగుతుంది. రాత్రివేళ మొక్కలు కూడా ఆక్సిజన్‌ను వినియోగిస్తాయి. చేప అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి గుటక వేయడం సహజం. గుంపంతా తరచుగా అలా చేస్తే ఆక్సిజన్ లోపంగా భావించి గాలి పంపును నడపాలి. విద్యుత్ అంతరాయాల కొరకు బ్యాటరీ పంపును సిద్ధంగా ఉంచుకోవాలి.

నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగిలేలా అమర్చితే పొడి వాతావరణంలో నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అయితే ఆవిరయ్యేది నీరే; లవణాలు తొట్టెలోనే మిగులుతాయి. ఆ లోటును బోరు నీటితో నింపితే కఠినత్వం వారం వారం పెరుగుతుంది. కనుక ఆవిరైన మేరకు ఆర్.ఓ. నీటినే పోయాలి. వారానికి ఒకసారి ఐదవ వంతు నీటిని మార్చేటప్పుడు మాత్రం కలిపిన నీటిని వాడాలి.

వ్యాధులు, మందులు

కొత్త చేపలను మూడు నాలుగు వారాలు విడి తొట్టెలో ఉంచి గమనించాలి. మైలుతుత్తం లేదా ఇతర రాగి లవణాలు గల నాచు నివారణ మందులను ప్రధాన తొట్టెలో వాడరాదు. అవి చేపలకు, మొక్కలకు హాని చేయడమే కాక, చనిపోయిన నాచు కుళ్లి ఆక్సిజన్‌ను హరిస్తుంది. ఉప్పు చికిత్సకు కూడా ఈ చేపలు, చాలా రకాల నీటి మొక్కలు తట్టుకోలేవు.

చెరువుల్లో వదలరాదు

పొరపాటున టెరిగోప్లిక్తిస్‌ను కొన్నవారు అది పెరిగిన తరువాత సమీప చెరువులో వదలడం తీవ్రమైన పర్యావరణ హాని. గట్లలో బొరియలు చేయడం, ముళ్లతో వలలను చించడం, స్థానిక చేపల మేతను, గుడ్లను తినడం దీని లక్షణాలు. ఇది నీటి వెలుపల కూడా గంటల తరబడి జీవించగలదు. ఉప్పల్ రహదారిలోనే ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో మిగిలే డి.ఎన్.ఎ. ఆనవాళ్ల ద్వారా తూర్పు కనుమల జలాశయాల్లో ఈ చేప విస్తరణను గుర్తించే పద్ధతిని రూపొందించారు. ఉప్పల్‌లో నల్లచెరువు, నాచారంలో పెద్ద చెరువు ఉన్నాయి. ఉప్పల్‌కు దక్షిణంగా మూసీ ప్రవహిస్తోంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. వరద కాలంలో నీటితోపాటు చేపలూ దిగువకు సాగుతాయి కాబట్టి, ఒక ఇంటి తొట్టె నుంచి వదిలిన చేప దిగువ మత్స్యకారుల వలలకు చేటు కాగలదు. పెంచలేని చేపను దుకాణదారుకు తిరిగి ఇవ్వడం లేదా పెద్ద తొట్టె ఉన్న పెంపకందారుకు అప్పగించడం సరైన మార్గం.

పరీక్షించి సవరించిన నీరు, రెండు మూడు నెలలు పాతబడిన తొట్టె, వారం పొడవునా అందే కూరగాయ ముక్క సమకూర్చగలిగితే ఒటోసింక్లస్ గుంపు కొన్నేళ్లపాటు ఆరోగ్యంగా జీవిస్తుంది. ఇవి సమకూరే వరకు కొనుగోలును వాయిదా వేసి, నాచును చేతితో తొలగించుకోవడం, వెలుతురు గంటలు తగ్గించుకోవడం ఉత్తమం.