ముహూర్తం కంటే ముందు చూడాల్సిన తేదీ

అమెరికా సంబంధం మాట్లాడుకునేటప్పుడు "అబ్బాయికి గ్రీన్‌కార్డు కూడా వచ్చేసిందట" అన్న మాట వినపడితే చాలు, తెలుగు ఇళ్లలో ఆ సంబంధానికి విలువ పెరుగుతుంది. ఉద్యోగం పోతే దేశం వదిలి రావాలన్న భయం ఉండదు కాబట్టి పెద్దలు అలా లెక్క వేసుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ కార్డు వచ్చాక జరిగే పెళ్లిలో ఒక చిక్కుంది. అది చాలా కుటుంబాలకు అప్పగింతలు అయ్యాకే తెలుస్తుంది. హెచ్1బీ మీద ఉన్న అబ్బాయిని చేసుకున్న అమ్మాయి హెచ్4 వీసా తీసుకుని, అపాయింట్‌మెంట్ దొరికితే కొద్ది నెలల్లోనే కాపురానికి వెళ్లగలదు. గ్రీన్‌కార్డు ఉన్న అబ్బాయిని చేసుకున్న అమ్మాయికి అలాంటి వీసా లేదు. తన చదువు మీదో ఉద్యోగం మీదో సొంతంగా వీసా సంపాదించుకుంటే సరే, లేదంటే ఏళ్లపాటు ఇక్కడే ఎదురుచూడాలి. గ్రీన్‌కార్డు అమ్మాయిది, ఎదురుచూసేది అల్లుడు అయినా లెక్క ఇదే.

భార్య లేదా భర్తను శాశ్వతంగా తీసుకెళ్లే విషయంలో అమెరికా చట్టం ముందుగా చూసేది స్పాన్సర్ హోదా. స్పాన్సర్ పౌరుడైతే జీవిత భాగస్వామిని అతి దగ్గరి బంధువుగా లెక్కిస్తారు. అలాంటి వీసాలకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. అయినా ఫైలు ఆమోదం, పత్రాల పరిశీలన, ఇంటర్వ్యూ అన్నీ పూర్తయ్యేసరికి ఏడాదికి పైగా పట్టడం మామూలే. స్పాన్సర్‌కు గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే భాగస్వామి ఎఫ్2ఏ అనే వరసలో నిలబడాలి. ప్రపంచం మొత్తానికి, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లల్ని కూడా కలుపుకుని, ఆ వరసకు ఏడాదికి కేటాయించే వీసాలు దాదాపు 88 వేలు. దరఖాస్తు అందిన రోజే ప్రయారిటీ డేట్ అవుతుంది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో ఆ తేదీ దాకా వరస రావాలి.

ఈ వరస ఎప్పుడూ ఒకేలా నడవలేదు. 2019 జూలై నుంచి 2023 మార్చి దాకా అసలు నిరీక్షణే లేదు; వేసినవాళ్లకు వేసినట్టే అవకాశం వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మళ్లీ కటాఫ్ పెట్టారు. ఆ తర్వాత బులెటిన్ తేదీలు రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా వెనకబడి ఉంటూ వచ్చాయి. ఉద్యోగాల కోటాలో భారతీయులు అనుభవిస్తున్న సుదీర్ఘ నిరీక్షణతో పోలిస్తే ఇది తక్కువే. ఎఫ్2ఏ వీసాల్లో నాలుగింట మూడొంతులకు దేశాలవారీ పరిమితి వర్తించకపోవడం అందుకు కారణం. కొత్తగా పెళ్లయిన జంటకు మాత్రం రెండేళ్లు కూడా చిన్న కాలం కాదు. మధ్యలో ఒకసారి చూసి రావడానికి సందర్శకుల వీసా అడిగినా ఇవ్వడం అరుదు. స్థిరపడే ఉద్దేశం ఉందని స్పాన్సర్‌షిప్ ఫైలే చెబుతోంది కదా!

అందుకే సంబంధం మాట్లాడుకునేటప్పుడు కార్డు ఉందా అన్నదానితో పాటు, అది ఏ తేదీన వస్తుంది, ఎలా వస్తుంది అని అడగాలి. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసిన వ్యక్తి, అది ఆమోదం పొందే నాటికే పెళ్లి చేసుకుని ఉంటే, భాగస్వామి అతని వరసలోనే, అతని ప్రయారిటీ డేట్‌తోనే వెనక వెళ్లవచ్చు. కొత్తగా ఎఫ్2ఏలో చేరనక్కర్లేదు. పెళ్లి ఆమోదానికి ఒక్క రోజు తర్వాత జరిగినా ఆ అవకాశం పోతుంది. నిశ్చితార్థం లెక్కలోకి రాదు. ఆషాఢమనో మూఢమనో ముహూర్తాన్ని రెండు నెలలు జరిపే ముందు ఆ ఫైలు ఏ దశలో ఉందో ఒకసారి కనుక్కోవడం ఎంతో అవసరం.

ఇంకో ప్రమాదం దీనికంటే కఠినమైనది. గ్రీన్‌కార్డు ఉన్న తల్లిదండ్రులు 21 ఏళ్లు దాటిన కొడుకు కోసమో కూతురి కోసమో వేసే దరఖాస్తు, ఆ బిడ్డ పెళ్లి కానంత కాలమే చెల్లుతుంది. తల్లిదండ్రులు ఇంకా పౌరులు కాకముందే బిడ్డ పెళ్లిలో మూడు ముళ్లు పడితే, ఎన్నేళ్లు వరసలో ఉన్నా ఆ ఫైలు రద్దయినట్టే. గ్రీన్‌కార్డుదారుల పెళ్లయిన పిల్లలకు చట్టంలో కేటగిరీయే లేదు.

ఇక అసలు ప్రక్రియ. స్పాన్సర్ అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థకు ఐ-130 దరఖాస్తు వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అది ఆమోదం పొందాక ఫైలు న్యూహాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ వీసా ఫీజు 325 డాలర్లు, ఆర్థిక హామీ పత్రం పరిశీలనకు 120. భాగస్వామి ఆన్‌లైన్‌లో డీఎస్-260 నింపాలి. పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్, గుర్తింపు పొందిన డాక్టర్ దగ్గర వైద్య పరీక్ష, టీకాలు ఆ తర్వాతి మెట్లు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం 2023లో తెరుచుకున్నా, ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ కోసం తెలుగువాళ్లు ముంబై బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌కు వెళ్లాల్సిందే.

ఈ కాగితాలన్నిటిలో ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం. చాలామంది దాన్ని జీతం రుజువుగా భావించి సంతకం పెట్టేస్తారు. నిజానికి అది ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. స్పాన్సర్ ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు. చాలకపోతే ఆస్తులు చూపవచ్చు, లేదా అమెరికాలో ఉండే మరొక పౌరుడో గ్రీన్‌కార్డుదారో ఉమ్మడి హామీ ఇవ్వవచ్చు. వచ్చిన వ్యక్తి పౌరసత్వం పొందేదాకా, లేదా సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు లెక్కకు వచ్చేదాకా, లేదా దేశం విడిచి శాశ్వతంగా వెళ్లిపోయేదాకా, లేదా మరణించేదాకా ఆ బాధ్యత కొనసాగుతుంది. విడాకులు తీసుకున్నా తీరదు. హామీ అమలు కోసం భార్య కోర్టుకు వెళ్లవచ్చు కూడా. ఈ సంగతి ఆడపిల్ల తల్లిదండ్రులకు తప్పక తెలిసి ఉండాలి.

మన దగ్గర తరచూ మెలిక పడేది పేర్ల దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో చివర పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలిన పాస్‌పోర్టు మీద వచ్చే వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, ముందు ‘పేరు తెలియదు’ అని అర్థమిచ్చే ఎఫ్‌ఎన్‌యూ అన్న అక్షరాలు చేరతాయి. బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ అక్షరాలు వెంటాడతాయి. ఐ-130 వేయకముందే ఇవన్నీ ఒక తీరుకు తెచ్చుకుంటే తర్వాత ఎంతో శ్రమ తప్పుతుంది. గుడిలో ఇచ్చే రసీదో ఫంక్షన్ హాలు బిల్లో పెళ్లికి రుజువు కాదు. శుభలేఖ, ఫొటో, సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

పెద్దలు కుదిర్చిన పెళ్లి అయినంత మాత్రాన అనుమానించరు. కలిసి జీవించాలన్న ఉద్దేశంతోనే పెళ్లి చేసుకున్నారా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. పెళ్లి ఆల్బమ్‌తో పాటు ఆ తర్వాతి జీవితం కూడా కాగితాల్లో కనపడాలి: కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, పంపుకున్న డబ్బు, నామినీగా రాసుకున్న పేర్లు, ఫోన్ సంభాషణల వివరాలు. వీడియో కాల్‌లో జరిగిన పెళ్లి అయితే, ఆ తర్వాత ఇద్దరూ కలుసుకుని దాంపత్యం సాగించినప్పుడే గుర్తిస్తారు. మేనరికాలు చేసుకున్నవాళ్లకు మరో మాట. పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం అది చెల్లుతుందా అని ముందు చూస్తారు, ఆపైన కాపురం పెట్టబోయే రాష్ట్రం అలాంటి పెళ్లిని ఒప్పుకుంటుందా అని కూడా చూస్తారు. అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాలు మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిని అనుమతించవు. మేనమామతో పెళ్లిని ఒప్పుకునేవి అరుదు. ఇలాంటి కేసును లాయర్ సలహా లేకుండా ముందుకు తీసుకెళ్లకూడదు.

డబ్బు కోసమో కార్డు కోసమో చేసుకున్న దొంగ పెళ్లి బయటపడితే అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉంటాయి. అలా కార్డు కోరిన విదేశీ భాగస్వామిని తర్వాత ఎవరు స్పాన్సర్ చేసినా ఆమోదించరు.

అన్నీ సక్రమంగా ఉన్నా వీసా ఆగిపోవచ్చు. లాస్ ఏంజెలెస్‌కు చెందిన మున్యోజ్ అనే మహిళా లాయర్ 2010లో ఎల్ సాల్వడార్ దేశస్థుణ్ని పెళ్లి చేసుకున్నారు. అతనికి వీసా నిరాకరించారు. ఒంటి మీది పచ్చబొట్లను బట్టి ముఠా సభ్యుడని అనుమానించినట్టు ఆ తర్వాత తెలిసింది; ఆ ఆరోపణ నిజం కాదని దంపతులు వాదించారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విదేశీ భాగస్వామిని దేశంలోకి రానివ్వాలని కోరే ప్రాథమిక హక్కు పౌరులకు లేదని 2024 జూన్ 21న అయిదుగురు జడ్జిలు తీర్పిచ్చారు, ఆరో జడ్జి ఫలితంతో మాత్రమే ఏకీభవించారు, ముగ్గురు విభేదించారు. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయడం ఎంత కష్టమో మున్యోజ్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు చెబుతుంది. దంపతుల్ని విడదీసి ఉంచే నిర్ణయానికి కనీసం వివరమైన కారణమైనా చెప్పాలని అడగడం అత్యాశ కాదు.

వలస చట్టం దంపతుల మధ్యకు వచ్చే ఈ కథకు పాత మూలాలున్నాయి. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అలా అనర్హుడైన విదేశీయుణ్ని పెళ్లాడిన అమెరికా మహిళ తన పౌరసత్వాన్నే కోల్పోయే చట్టం అప్పుడు అమల్లో ఉండేది. స్వాతంత్ర్య పోరాట యోధుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ, అమెరికాలోనే పుట్టినా, ఆ నియమం కింద ఏ దేశ పౌరసత్వమూ లేని వ్యక్తి అయ్యారు. కుటుంబాలు కలిసి ఉండటాన్ని వలస విధానానికి ఆధారంగా చేసింది 1965 నాటి చట్టం.

మళ్లీ ఇప్పటి నియమాలకు వస్తే, పెళ్లయి రెండేళ్లు నిండకుండా అమెరికాలో అడుగుపెడితే ఇచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఆ షరతుల తొలగింపు కోసం ఇద్దరూ సంతకాలు చేసి ఐ-751 దరఖాస్తు వేయాలి. భర్త చేతిలో చిక్కుకున్న కొందరు ఆడపిల్లలు అతని సంతకం దొరకదేమోనని భయపడి హింసను భరిస్తూ వచ్చారు. భరించాల్సిన అవసరం లేదు. హింస జరిగినా, నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా ఒంటరిగానే ఆ దరఖాస్తు వేసుకోవచ్చు. ఇంకా గ్రీన్‌కార్డు రాకముందే హింస మొదలైతే, 1994 చట్టం ప్రకారం స్పాన్సర్‌కు తెలియకుండా సొంతంగా ఐ-360 దరఖాస్తు దాఖలు చేయవచ్చు. ఆ వివరాలు అధికారులు అతనికి చెప్పకూడదు. మగవాళ్లకూ ఇదే హక్కుంది. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి అనే సంస్థ దక్షిణాసియా మహిళలకు అండగా పనిచేస్తోంది. ముందుజాగ్రత్తగా పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, దరఖాస్తుల మీద వచ్చే ఐ-797 నోటీసులు, ఐ-864 ప్రతి, వీటన్నిటి నకళ్లు అమ్మాయి దగ్గర ఒక సెట్టు, ఇక్కడి పుట్టింట్లో మరో సెట్టు ఉంచుకోవాలి.