పసితనపు అతిసారము – పెరిగిన తరువాత గ్రహణి

పాతికేళ్ల యువకుడు వచ్చి, ఒకనాడు మలబద్ధకము, మరునాడు నాలుగైదు విరేచనములు, మధ్యలో మెలిపెట్టే నొప్పి అని చెప్పుకొంటే, నిన్న ఏమి తిన్నావని అడుగుట పరిపాటి. నేను మాత్రము వెంట వచ్చిన తల్లిని, “అమ్మా, పాలు త్రాగే వయస్సులో ఇతనికి తీవ్రమైన అతిసారము గాని, రక్తవిరేచనములు గాని అయినవా?” అని కూడా అడుగుతాను. ఎన్నడో నయమైన జబ్బుకు, నేటి బాధకు సంబంధమేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు.

సంబంధమున్నదని మన ఆచార్యులు గ్రహించారు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రములో గ్రహణీరోగము అతిసార ప్రకరణములోనే చెప్పబడినది. అతిసారము తగ్గినా, అగ్ని మందముగా ఉండగానే అపథ్యము చేసినవానికి ఆ అగ్ని మరల చెడి గ్రహణిని దూషిస్తుందని దాని భావము. గ్రహణి అనగా అన్నమును పచనమయ్యేవరకు పట్టి ఉంచి, పిమ్మట విడిచిపెట్టే స్థానము. ఆ పట్టు విడుపులు తప్పుటే రోగము. నేడు ఐ.బి.ఎస్. అంటున్న వ్యాధి లక్షణములు దీనికి చాలా దగ్గరగా ఉంటాయి.

ఇందుకు నేటి శాస్త్రము చెప్పే కారణము వినదగినది. ప్రేగు గోడలలో కోట్లాది నాడీకణములు ఉన్నాయి. ప్రేగుల కదలికను నడిపేవి అవే. శిశువు పుట్టేనాటికి ఈ నాడీవ్యవస్థ పూర్తిగా పరిణతి చెందదు. ఆ లేతదశలో ప్రేగుకు శోథ కలిగితే పుండు మానవచ్చు గాని, నాడులు అతిచురుకుగాను, కండరముల ముడుచుకొనే తీరు అస్తవ్యస్తముగాను మిగిలిపోవచ్చు. సారె మీదనున్న పచ్చికుండపై పడిన వేలిగుర్తు ఆవములో కాలిన తరువాత చెరగదు కదా! 2000 సంవత్సరములో వెలువడిన ఒక పరిశోధనలో, పుట్టిన కొద్దిరోజుల ఎలుకపిల్లల పెద్దప్రేగులో ఆవనూనెతో మంట కలిగించారు. అవి పెరిగిన తరువాత ప్రేగులో కంటికి కనబడే లోపమేదీ లేకపోయినా, నొప్పిని మాత్రము అధికముగా అనుభవించాయి.

మనుష్యులలో కూడా దాఖలా ఉన్నది. అదే సంవత్సరము మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణములో త్రాగునీరు కలుషితమై రెండువేల మందికి పైగా అస్వస్థులయ్యారు, ఏడుగురు మరణించారు. తరువాత ఎనిమిదేళ్లు గమనించగా, నాడు జబ్బుపడిన పిల్లలలో ఐ.బి.ఎస్. ఇతర పిల్లలలోకంటె ఎక్కువగా కనిపించినది. అందరికీ వస్తుందని కాదు, ఎక్కువమందికి రాలేదు.

కనుక బిడ్డ విరేచనములను “పళ్లు వస్తున్నాయి లెండి” అని తేలికగా తీసివేయరాదు. ఇక ఆముదము పట్టించే అలవాటు ఒకటున్నది. పెద్దలు ప్రేమతోనే చేస్తారు గాని, విరేచనకారియైన ద్రవ్యమును లేత ప్రేగులలో పోయుట నాకు సమ్మతము కాదు. తల్లిపాలు ఏ సందర్భములోను మానరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా పట్టించాలి. జింకు మందు వైద్యుడు చెప్పిన మోతాదులో 10 నుండి 14 రోజులు వాడాలి. విరేచనములు ఆగినవని నడుమ మానరాదు. మలములో రక్తము, లోతుకు పోయిన కళ్లు, మూత్రము తగ్గుట, మగత – వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. రోటావైరస్ అతిసారమునకు టీకా ఉన్నది. 2016లో మన దేశములో దానిని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అన్నము తినే వయస్సు బిడ్డకు, తగ్గిన పిమ్మట కొన్నాళ్లు మెత్తని పాతబియ్యపు అన్నము, పెసరకట్టు పెట్టండి. నూనెలో వేగినవి, అంగడి తినుబండారములు వద్దు.

ఇప్పటికే బాధపడుతున్న పెద్దవారికి చరకుడు గ్రహణిలో తక్రమును ఎంతగానో ప్రశంసించాడు. వెన్న తీసిన, పులియని పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠిపొడి, కొంచెము సైంధవలవణము కలిపి మధ్యాహ్న భోజనాంతమున త్రాగవచ్చు. పాలు పడనివారు కొద్దిగా మొదలుపెట్టి చూసుకోవాలి. వేళకు భోజనము, వేళకు మలవిసర్జన అవసరము. వేగమును ఆపుకొనుట అపానవాయువును ప్రకోపింపజేస్తుంది. అయితే బరువు తగ్గుతున్నా, రక్తము పడుతున్నా, నిద్రలో లేచి విరేచనమునకు పోవలసి వస్తున్నా దానిని గ్రహణి అని మజ్జిగతో సరిపెట్టక ముందు పరీక్షలు చేయించుకోండి.