గాజు పాత్రలో కొవ్వొత్తి ఎలా మండుతుంది?

సూరత్ సమీపంలోని హజీరాకు అరేబియా సముద్రగర్భం నుంచి గొట్టాల ద్వారా సహజవాయువు వస్తుంది. అక్కడ దానిని శుద్ధి చేస్తారు. అందులో ప్రధానమైనది మీథేన్. దాని అణువులో ఉండేది ఒక్క కార్బన్ పరమాణువే. మన కొవ్వొత్తిలోని పారఫిన్ మైనం కూడా మీథేన్ లాగే హైడ్రోకార్బన్. అయితే దాని అణువులో సుమారు 20 నుంచి 40 కార్బన్ పరమాణువులు గొలుసుగా ఉంటాయి. అందుకే అది ఘనపదార్థం.

మీథేన్‌కు నిప్పు తగిలితే మండుతుంది. మైనం అలా కాదు. ముందు కరగాలి, వత్తి గుండా పైకి పాకాలి, ఆవిరి కావాలి. నిజానికి మండేది ఆ ఆవిరే.

ఇక పాత్రలో పోసే మైనం సంగతి చూద్దాం. తేనెమైనం 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పారఫిన్ రకాన్ని బట్టి 46 నుంచి 68 డిగ్రీల మధ్య, సోయా మైనం సుమారు 50 డిగ్రీల దగ్గర కరుగుతాయి. విడిగా నిలబడే కొవ్వొత్తికి గట్టి మైనం కావాలి. పాత్రలో అయితే ఆకారాన్ని పాత్రే నిలుపుతుంది కనుక త్వరగా కరిగే మెత్తని మైనం చాలు. గట్టి మైనంలో సన్నని వత్తి పెడితే మధ్యలో గుంటపడి, అంచుల మైనం కరగకుండా మిగిలిపోతుంది. వత్తి మరీ లావైతే మసి పడుతుంది, గాజు వేడెక్కి పగలవచ్చు.

అడుగున ఒక సెంటీమీటరు మైనం మిగిలి ఉండగానే కొవ్వొత్తిని ఆర్పేయండి. మంట పెద్దదైతే నీళ్లు మాత్రం పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న మైనాన్ని చుట్టూ చిమ్ముతుంది. లోహపు మూత పెట్టండి. గాలి అందక మంట ఆరిపోతుంది.