తుపాను తీరం దాటిందట... ఇక బయల్దేరొచ్చా?

అక్టోబర్ వచ్చిందంటే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల ఫార్వర్డ్‌లు మొదలవుతాయి. ఒకటి కార్తీక మాసం శుభాకాంక్షలు. రెండోది బంగాళాఖాతం మ్యాపు, దాని మీద గిర్రున తిరిగే తెల్లటి మేఘం, కింద ‘ఆంధ్రాకు పెను ముప్పు’ అంటూ ఎర్రటి అక్షరాలు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం, కోస్తాలో అమ్మానాన్నలు. నాలాంటి వాళ్లకి ఆ మ్యాపు చూడగానే వచ్చే డౌట్ ఒకటే: బుక్ చేసుకున్న టికెట్ ఉంచాలా, తీసేయాలా?

వెంటనే అందరం ఫోన్‌లో వెతికేది కూడా ఒకటే. ఎప్పుడు తీరం దాటుతుంది? ఎక్కడ దాటుతుంది? కానీ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి ఆ ఒక్క గంట తెలిస్తే సరిపోదు. తీరం దాటడమనేది కొన్ని గంటల్లో అయిపోతుంది. రైళ్లు, బస్సులు, విమానాలు మాత్రం దానికి ఒక రోజు ముందు నుంచే ఆగడం మొదలవుతుంది, దాటాక ఒకటి రెండు రోజులకి గానీ దారిలో పడవు. మనం ప్లాన్ చేసుకోవాల్సింది ఆ మొత్తం మూడు నాలుగు రోజులకి.

2025లో వచ్చిన మొంథానే చూడండి. అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. అయితే 27వ తేదీకే రద్దయిన రైళ్ల జాబితాలు వచ్చేశాయి. 28న విశాఖ, విజయవాడ ఎయిర్‌పోర్టుల నుంచి విమానాలు రద్దయ్యాయి. ఆ రాత్రి తీర జిల్లాల్లో రోడ్ల మీద వాహనాలు తిరగకుండా ఆపేశారు. మర్నాడు టీవీల్లో ‘తుపాను బలహీనపడింది’ అని చెబుతున్నారు. అదే రోజు, సముద్రానికి ఎక్కడో దూరంగా ఉన్న వరంగల్‌లో కాలనీలు మునిగాయి. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీదకి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి. ‘హమ్మయ్య, దాటేసింది’ అనుకుని ఆ రోజు బయల్దేరినవాళ్లు దారిలో చిక్కుకున్నారు.

గాలి తగ్గుతుంది, వాన తగ్గదు

దీనికి కారణం సింపులే. తుపానుకి ఇంధనం వెచ్చటి సముద్రపు నీరు. నేల మీదకి రాగానే ఆ సరఫరా ఆగుతుంది, గాలి వేగం పడిపోతుంది. కానీ అప్పటిదాకా పీల్చుకున్న తేమంతా మేఘాల్లోనే ఉంటుంది. అది లోపలి జిల్లాల మీద కుమ్మరిస్తుంది. వాగులు పొంగుతాయి. పట్టాల కింద కంకర కొట్టుకుపోతుంది.

అసలు తుపాను అన్న పేరు కూడా అక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చింది వాయుగుండమే. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట–విజయవాడ మార్గం రోజుల తరబడి మూతపడింది. మరోపక్క మున్నేరు పొంగి నందిగామ దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే మీదకి వచ్చేసింది. అంటే రైలు, రోడ్డు రెండూ ఒకేసారి పోయాయి.

నీళ్లు తీసేసిన వెంటనే రైళ్లు నడవవు. ట్రాక్, వంతెనలు చెక్ చేయాలి, కంకర నింపాలి, మొదట్లో నెమ్మదిగా పంపి చూడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రాత్రి కాకినాడ నుంచి హైదరాబాద్ రావాల్సిన రైలు రద్దయితే, రేపు తిరిగి వెళ్లాల్సిన బోగీలు ఇక్కడ ఉండవు. అందుకే ఆకాశం తేటగా ఉన్న రోజు కూడా మన రైలు రద్దు జాబితాలో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్నే డిపెండెన్సీ అంటాం. ఒకటి పడితే దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా పడతాయి.

బులెటిన్‌ని ఇలా చదవండి

ఫార్వర్డ్‌లు వదిలేసి వాతావరణ శాఖ, అంటే ఐఎండీ బులెటిన్ చూడండి. తుపానుగా మారాక ప్రతి 3 గంటలకీ కొత్తది వస్తుంది. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను. అంతకన్నా తక్కువైతే వాయుగుండం. కేసముద్రం సంగతి గుర్తుందిగా, ఆ మాట విని తేలిగ్గా తీసుకోవద్దు.

మ్యాపులో గరాటులా విచ్చుకుంటూ వచ్చే బొమ్మ తుపాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో చెబుతుంది, అంతే. వాన ఆ గరాటులోనే పడుతుందని కాదు. ‘మా ఊరు గీతకి బయటే ఉంది’ అనే ధీమా అందుకే పనికిరాదు. ఇక పోర్టుల్లో ఎగరేసే ఒకటో నంబరు, పదో నంబరు హెచ్చరికలు ఓడల కోసం. వాటిని చూసి బస్సెక్కాలో వద్దో తేల్చుకోలేం.

మనకి పనికొచ్చేవి నాలుగు మెట్లు. సుమారు 72 గంటల ముందు ఐఎండీ నుంచి తొలి సమాచారం వస్తుంది. వెళ్లాలా, ఉండాలా అన్నది తేల్చుకోవాల్సింది అప్పుడే. 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్. వెళ్లేవాళ్లు ఆలోపు ఇంటికి చేరిపోవాలి. 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక. ఇక ఎక్కడున్నవాళ్లం అక్కడే. 12 గంటల ముందు వచ్చే ఎరుపు రంగు బులెటిన్ తీరం దాటాక లోపలి జిల్లాల పరిస్థితి ఎలా ఉంటుందో చెబుతుంది. మన తిరుగు ప్రయాణానికి కావాల్సింది అదే, కానీ ఎక్కువమంది దాన్ని చదవరు.

మా ఇంట్లో ఆ వారం

మా ఊరు కాకినాడ నుంచి ఉప్పాడ దాటి వెళ్లాలి. సముద్రం కాస్త కోపంగా ఉంటే చాలు, ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు కోతకు గురవుతుంది. పిఠాపురం మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే. నాన్నకి వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో కాకినాడలో డయాలసిస్. అక్టోబర్ 25, శనివారం నాటి బులెటిన్‌లో మంగళవారం సాయంత్రం లేదా రాత్రి కాకినాడ పరిసరాల్లో తీరం దాటొచ్చని ఉంది. నాన్న ఆసుపత్రిలో ఉండాల్సిన రోజు సరిగ్గా అదే.

అందుకని ‘తుపాను వస్తే ఏం చేద్దాం’ అనే చర్చ మేం పెట్టుకోలేదు. ‘నాన్నకి మంగళవారం బదులు ఏ రోజు?’ అన్నదొక్కటే తేలాలి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే సోమవారానికి మార్చారు. అదీ కుదరకపోతే నీళ్లు ఎంత తాగాలి, ఏం తినకూడదు అన్నది డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసుకున్నాం. నేను శనివారం రాత్రే రైలెక్కా. ఆఫీసులో వర్క్ ఫ్రమ్ హోమ్ అడగలేదు, లీవ్ పెట్టా. కరెంటు, నెట్ ఉంటాయో లేదో తెలియని చోట నుంచి ‘మీటింగ్‌లో ఉంటా’ అని మాటివ్వడం దేనికి?

అసలు కష్టం అమ్మని ఒప్పించడం. ‘‘కార్తీక మాసంలో ఇల్లు చీకటి పెట్టి ఎక్కడికిరా?’’ అంది. నేను రోడ్డు గురించి, బులెటిన్ గురించి ఎంత చెప్పినా వినలేదు. చివరికి కాకినాడ నుంచి బాబాయ్ ఫోన్ చేసి, ‘‘మా ఇంట్లోనూ తులసికోట ఉంది వదినా. దీపం ఇక్కడ పెడుదువుగాని, అన్నయ్యని తీసుకుని వచ్చెయ్’’ అన్నాడు. ఆ మాటకి కదిలింది. నాన్న ఫైలు, పది రోజుల మందులు, పట్టాదారు పాస్‌పుస్తకం, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తనే బ్యాగులో సర్దింది.

సోమవారం డయాలసిస్ అయింది. ఆ సాయంత్రం నుంచి బాబాయ్ వాళ్ల డాబా ఇంట్లోనే ఉన్నాం. అక్కడి నుంచి ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. మంగళవారం రాత్రి కరెంటు పోయింది, గాలి హోరుకి ఎవరికీ నిద్ర లేదు. నాన్న ఒక్కడే పడుకున్నాడు. శుక్రవారం డయాలసిస్ మామూలుగా జరిగింది. నా తిరుగు టికెట్ బుధవారానికి ఉండేది. దాన్ని ముందే శనివారానికి మార్చుకున్నా.

టికెట్ డబ్బుల సంగతి

తొందరపడి టికెట్ మీరే క్యాన్సిల్ చేస్తే చార్జీలు కట్ అవుతాయి. రైల్వేయే రైలుని రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం మీరేమీ చేయకుండానే వెనక్కొస్తుంది. కౌంటర్లో కొన్న టికెట్ అయితే కౌంటర్‌కే వెళ్లాలి. రైలు 3 గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం వద్దనుకుంటే, అది బయల్దేరేలోపు టీడీఆర్ ఫైల్ చేయాలి. దారి మళ్లించిన రైలు మీ స్టేషన్‌కి రాకపోయినా టీడీఆరే. స్టేషన్‌కి బయల్దేరే ముందు ఎన్‌టీఈఎస్ యాప్‌లోనో 139కి ఫోన్ చేసో రైలు పరిస్థితి కనుక్కోండి. విమానం రద్దయితే డబ్బు వాపస్ గానీ, వేరే విమానం గానీ అడిగే హక్కు ఉంది. వాతావరణం వల్ల రద్దయితే అదనంగా నష్టపరిహారం మాత్రం రాదు.

ఫోన్‌ ఒక్కటే ఉంటే చాలదు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు నేను ఇంటర్. ఎయిర్‌పోర్టు పైకప్పు దెబ్బతింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. విశాఖలో ఉండే మా పెద్దమ్మ వాళ్ల క్షేమం తెలియడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడు మన డబ్బు, టికెట్టు, దారి, అన్నీ ఫోన్‌లోనే. అంటే చార్జింగ్ అయిపోతే అన్నీ ఒకేసారి పోతాయి.

కాబట్టి ముందు రోజే కొంత నగదు తీసుకోండి, నెట్ లేకపోతే యూపీఐ యాప్‌లో మామూలుగా చేసే చెల్లింపులు జరగవు. మ్యాపు ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాయండి: 112, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070, ఆసుపత్రి, బాబాయ్. తుపాను లేని ఊళ్లో ఉన్న ఒక చుట్టాన్ని కబురు కేంద్రంగా పెట్టుకోండి. సిగ్నల్ దొరికినవాళ్లు ఆయనకి ఒక ఎస్సెమ్మెస్ పెడితే చాలు, మిగతావాళ్లకి ఆయనే చెబుతాడు. ట్యాంకు నిండా నీళ్లు పట్టించండి, బండిని కొబ్బరి చెట్టు కింద నుంచి తీయించండి.

వాయుగుండం పుట్టిందని తెలిసిన రోజే ఇంటికి ఫోన్ చేయండి. ‘జాగ్రత్తగా ఉండండి’ అంటే వాళ్లు ‘సరేలే’ అంటారు, అక్కడితో అయిపోతుంది. దాని బదులు, వచ్చే నాలుగు రోజుల్లో తప్పనిసరిగా గడప దాటాల్సిన పని ఏముందో అడగండి. డయాలసిస్ కావచ్చు, నెలలు నిండిన అక్క కావచ్చు, తమ్ముడి పరీక్ష కావచ్చు. అదేంటో తేలితే, దాన్ని ఏ రోజుకి జరపాలో ఆ ఫోన్‌లోనే మాట్లాడేసుకోవచ్చు.